రాఘోజి తగ్గించిన వెల

అనగా అనగా, దీపం ముందు తోలుబొమ్మలు ఆడుతున్నాయంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చే కాలంలో, రాఘోజి అని ఒక బొమ్మలాటగాడు ఉండేవాడు. అక్క యమునమ్మ పాట పాడేది. మేనమామ ఏకోజి మద్దెల వాయించేవాడు. స్నేహితుడు నాగన్న తెర అవతలి కొసన నిలబడి శత్రుపక్షం బొమ్మలు ఆడించేవాడు. బేరం మాట్లాడేది మాత్రం రాఘోజే. పాపం, బొమ్మల చేత ఎంత మాటైనా అనిపించేవాడు గానీ, తన నోటితో "కుదరదు" అనడం అతనికి చేతనయ్యేది కాదు.

ఒకసారి ఒక వర్తకుడు కూతురి పెళ్ళికి ఆట కట్టమన్నాడు. "నీడలే కదయ్యా! బొమ్మలు నీవే, దీపం నాది. సగానికి ఆడు. పెద్ద పెద్దవాళ్ళు వస్తారు, నీకు పేరొస్తుంది" అన్నాడు.

పని చేజారుతుందేమోనని రాఘోజి తలూపాడు. పేరు సంగతేమో గానీ, ఆ కూలి నలుగురికి చాలలేదు. ఏకోజి మద్దెలను అటకెక్కించి, ఉప్పు బస్తాలు మోయడానికి ఏదో రేవుకు వెళ్ళిపోయాడు.

తర్వాత ఒక ఊరిపెద్ద కబురు పెట్టాడు. రాఘోజి పాత ధర చెప్పగానే, "వర్తకుడికి సగానికే ఆడావట! నేనేం పాపం చేశాను?" అని నిలదీశాడు.  రాఘోజి ధర ఇంకాస్త తగ్గించాడు. ఈసారి నాగన్న గానుగ పనికి కుదిరిపోయాడు.

మూడోది జమీందారుగారి కోట. "మద్దెల లేదు, రెండో ఆటగాడు లేడు. ఇంత కూలి ఎందుకోయ్?" అన్నాడు దివాను. రాఘోజి మళ్ళీ తలూపాడు. ఆ మాట యమునమ్మ చెవిన పడింది. మర్నాడు మూట కట్టుకుని, ఎవరింట్లోనో వంట చేయడానికి వెళ్ళిపోయింది.

కోటలో రాఘోజి ఒక్కడే తెర కట్టాడు. కుడిచేత్తో రాజు, ఎడమచేత్తో శత్రువు, కాలితో తాళం. ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఒకరు పాటను సగంలో వదిలితే రెండోవారు అందుకోవాలి. అలవాటు కొద్దీ రాఘోజి పాట వదిలి, అక్క కోసం ఆగాడు.

ఎవరూ అందుకోలేదు. తెర మీద రెండు నీడలూ అలాగే నిలబడిపోయాయి. తెరకు అవతల కోటంతా కూర్చుని ఉంది. ఇవతల అతనికి ఎవరూ లేరు. రాఘోజికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఎలాగో ఆట ముగించాడు. దివాను వచ్చి, "భేష్! ఒక్కడివే లాగించేశావే! చినబాబుగారి పెళ్ళికీ నువ్వే. ఒక్కడి కూలి ఇస్తాం" అన్నాడు.

రాఘోజి తల ఊగబోయి ఆగింది. "ఇది నలుగురి ఆట, దివానుగారూ. నలుగురి కూలి ఇస్తే నలుగురం వస్తాం. లేకపోతే నేనూ రాను."

"వేరేవాళ్ళు లేరనుకున్నావా?"

"ఉంటే పిలిపించుకోండి బాబూ" అని బొమ్మలు సర్దుకుని వచ్చేశాడు. 

దివాను నాలుగు వైపులా వాకబు చేశాడు. చవకగా వచ్చేవాళ్ళకు బొమ్మ పట్టుకోవడమే రాదు. చివరికి దిగొచ్చి, నలుగురి కూలికీ ఒప్పుకున్నాడు.

రాఘోజి పరుగున అక్క దగ్గరికి వెళ్ళాడు. "రా అక్కా! మన ధర మనకొచ్చింది!"

యమునమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "నా వెల తగ్గించుకుంటున్నానని అనుకున్నావు తమ్ముడూ. నువ్వు తగ్గించింది మా అన్నం. ఒక్కసారైనా మమ్మల్ని అడిగావా?"

"లేదక్కా. తప్పు నాదే."

ఆమె అన్నం దించి, చేతులు కడుక్కుని లేచింది. "ఇకమీదట బేరానికి నేనూ వస్తాను" అంది.

నాగన్న కూడా వచ్చాడు. ఏకోజి కోసం రేవులన్నీ గాలించారు. ఎక్కడా కనిపించలేదు. చినబాబుగారి పెళ్ళిలో ముగ్గురే ఆడి, ముగ్గురి కూలే పుచ్చుకున్నారు. అక్క పాట అందుకుంది. మద్దెల మాత్రం మోగలేదు.

పిల్లలూ, భయపడి మన పనికి మనమే వెల తగ్గిస్తే ఆ నష్టం మనతో నిలబడ్డవాళ్ళ మీద పడుతుంది. వాళ్ళు దూరమయ్యాక ఎంత ధర వచ్చినా అది అందరినీ తిరిగి తీసుకురాలేదు.