చీజ్ ముక్కు

"పెద్ద ఫాదర్, బిషప్ గారితో చెప్పి నన్ను ఇక్కణ్ణించి పంపించెయ్యండి," అన్నాడు రాయప్ప, గిన్నెలు తోముతూ.

రాయప్ప పల్నాటి కుర్రాడు. కొత్తగా గురుపట్టం పుచ్చుకుని ఫ్రాన్సు నడుమ ఉన్న ఓవెర్న్ అనే కొండసీమకి వచ్చాడు. అక్కడి పల్లెల్లో చర్చిలున్నాయి, ఫాదర్లు లేరు. ఉన్న ఒక్క ముసలాయన పేరు ఆన్సెల్మ్. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత ఆ ఊళ్లు చూసుకోవాలని రాయప్పని పంపారు.

"ఏమైంది?" అన్నాడు ఆన్సెల్మ్, పళ్లెం తుడుస్తూ.

"ఎవరూ నాతో మనసు విప్పి మాట్లాడరు. భోజనానికి పిలుస్తారు, వెళ్తాను. కాసేపటికి అందరూ కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. నా రంగు వాళ్లకి పడలేదు."

"రంగు చూసేవాళ్లు ఉన్నారు. లేరని నీతో అబద్ధమాడను. అందరూ ఆ బాపతు కాదు," అన్నాడు ముసలాయన. "ఈ వారం నాతో కొన్ని ఇళ్లు తిరుగు. తిందాం. ఆ తర్వాత కూడా పోతానంటే నేనే బిషప్ గారికి చెప్తాను."

"తినడానికా?"

"తినడానికే."

మొదట మాంసం కొట్టు మార్సెల్ ఇంటికి వెళ్లారు. ఆ కొండల్లో ఆకుపచ్చ పప్పుగింజ ఒకటి పండుతుంది. దాన్ని పొగబెట్టిన మాంసంతో ఉడికించి పెట్టాడు మార్సెల్. రాయప్ప ఒక గరిటె వేయించుకుని, రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాడు అక్కచెల్లెళ్లిద్దరి ఇల్లు. బంగాళదుంప చక్రాలు కొవ్వులో వేయించి పచ్చి చీజ్ కలిపారు. గరిటె ఎంత ఎత్తు లేపితే అంత పొడుగు తీగలు సాగాయి. రాయప్ప ఆ తీగల జోలికి పోలేదు. అంచున చల్లారిపోయింది కాస్త తీసుకుని "నాకిది చాలమ్మా" అన్నాడు. అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండిళ్లలోనూ అంతే. మెత్తటి కుర్చీ చూపిస్తే ముక్కాలిపీట లాక్కున్నాడు. పెద్ద గ్లాసు ఇస్తే చిన్నది అడిగాడు. కాసేపటికి ఇంటివాళ్లు కిటికీ వైపు చూడటం మొదలుపెట్టారు.

మూడోనాడు, చీజ్ చేసే లియోనీ అనే ముసలామె ఇంటికి కొండ ఎక్కుతూ అడిగాడు ఆన్సెల్మ్.

"మీ ఊళ్లో చీజ్ ఉందా?"

"లేదు. జున్ను ఉంది. ఆవు ఈనాక మొదట పితికే పాలతో చేస్తాం. మా అమ్మ ఒక ఆసామి కొట్టంలో పేడ ఎత్తేది. ఆవు ఈనితే వాళ్లు ఒక చెంబెడు పాలు పోసేవాళ్లు. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద వండేది. నడిమి ముక్క నాకు పెట్టి, తను గిన్నెకి అంటుకున్నది గీక్కుని తినేది." రాయప్ప అడుగు వేగం పెంచాడు. "ఆ రోజే అనుకున్నాను పెద్ద ఫాదర్. బతికినన్నాళ్లూ నేనూ అంచే తింటానని. మంచి ముక్క మరొకరికి వదుల్తానని."

ఆకలి చూసినవాడికి ఒక గర్వం పట్టుకుంటుంది. డబ్బున్నవాడి గర్వం కంటే మొండిది అది. డబ్బున్నవాణ్ణి నలుగురూ తిడతారు కాబట్టి ఎప్పటికైనా దిగొస్తాడు. ఆకలి చూసినవాడి గర్వాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఇక దాన్ని వదిలించేదెవరు?

లియోనీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొగుడు పోయినా, నడుం వంగినా, ఆవుల్ని వదలని మనిషి. కొడుకు బాస్తియన్ పాలు పితుకుతాడు, ఆమె చీజ్ చేస్తుంది. వచ్చినవాళ్లని ముందు నేలమాళిగలోకి తీసుకెళ్లింది. చల్లగా, చీకటిగా, తడిమట్టి వాసన. గడ్డి పరిచిన చెక్కల మీద పళ్లెమంత చీజ్‌లు వరసలు వరసలుగా ఉన్నాయి.

"అబ్బో! ఇవన్నీ ఎప్పటికి అయిపోవాలమ్మా?" అన్నాడు రాయప్ప.

"పాలు పితికినప్పుడల్లా కొత్తవి వచ్చి చేరతాయి ఫాదర్. ఈ మాళిగ ఖాళీ కావడం మా అత్త చూడలేదు, నేనూ చూడలేదు."

ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కింది, మీద తట్టి చూసింది, కాదని పక్కన పెట్టింది. చివరికి ఒకటి ఎత్తి గుండెకి ఆనించుకుంది.

"ఇది. మీరొస్తారని తెలిసినప్పటినుంచీ రోజూ దీన్నే తిరగేస్తున్నాను."

పైన బల్ల దగ్గర కూచున్నారు. లియోనీ రొట్టె మీద కత్తిమొనతో సిలువ గీసి కోసింది. చీజ్ లోంచి ఒక చెక్క కోసి, బల్ల నడుమ పెట్టి, కత్తి రాయప్ప చేతికిచ్చింది.

ఆ సీమలో చీజ్ కోసుకోవడానికి ఒక పద్ధతుంది. గుండ్రటి చీజ్ లోంచి కోసిన చెక్కకి నడిమి వైపు సన్నటి కొస వస్తుంది. దాన్ని ముక్కు అంటారు. మెత్తదనమంతా, రుచంతా అక్కడే. వెనక వైపు బూడిదరంగు తొక్క. ప్రతివాళ్లూ పొడుగునా కోసుకోవాలి, ముక్కూ తొక్కా తలా కాస్త వచ్చేలా. తనొక్కడే ముక్కు కోసుకునేవాడు సిగ్గులేనివాడి కింద లెక్క.

రాయప్ప వెనక నుంచి తొక్క మాత్రం కోసుకున్నాడు.

లియోనీ అతని పళ్లెంలో ఆ తొక్కని చూసింది. రొట్టె ముక్క నోటిదాకా తెచ్చి మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. బాస్తియన్ కిటికీ వైపు తిరిగాడు.

ఆన్సెల్మ్ లేచాడు. రాయప్ప పళ్లెంలోని తొక్క తీసి తన నోట్లో వేసుకున్నాడు. కత్తి అందుకుని, చీజ్ ముక్కుని ఒక్క వేటున అడ్డంగా కోసేశాడు. పెద్ద ముక్కే. తీసి రాయప్ప పళ్లెంలో పెట్టాడు.

"ఆన్సెల్మ్!" కేకేసింది లియోనీ. "ముసలి గాడిదా! నా బల్ల దగ్గర ముక్కు కోస్తావా? నీకు జ్ఞానస్నానం చేయించినవాళ్లననాలి!"

"కోసేశాను. ఇక అతికించలేవు. తిను రాయప్పా."

ముగ్గురూ రాయప్ప వైపే చూస్తున్నారు. తప్పించుకునే దారి లేదు. నోట్లో పెట్టుకున్నాడు. వెన్నలా కరిగింది. వేయించిన గింజల వాసన, వెనకే తడి గడ్డి వాసన. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఎలా ఉంది?" లియోనీ ముందుకు వంగింది.

"బాగుంది... చాలా బాగుంది." ఒక్క క్షణం తటపటాయించి, చిన్నపిల్లాడిలా అనేశాడు. "కొంచెం మిరియాలు ఉంటేనా..."

బాస్తియన్ ఫెళ్లున నవ్వాడు. "మా నాన్న బతికుంటే మిమ్మల్ని కొండ కిందికి దొర్లించేవాడు ఫాదర్!"

లియోనీ మాత్రం లేచి మిరియాల డబ్బా తెచ్చింది. తన ముక్క మీద దంచి చల్లుకుని తిన్నది. ఆలోచించింది. ఇంకొంచెం చల్లుకుంది.

"మీ ఊళ్లో ఇలా తింటారట్రా? ఇంకేం వేస్తారు? చెప్పు," అంది, పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. అంతవరకూ 'మీరు' అన్న మనిషి.

రాయప్ప చెప్పాడు. జున్ను గురించి, కొట్టం గురించి, అమ్మ గురించి. ఆమె తన మొగుడి గురించి చెప్పింది. ఆయన పోయినప్పుడు ఏడవడానికి తీరిక లేక, ఏడుస్తూనే పాలు తోడుపెట్టిన సంగతి చెప్పింది. చీజ్ సగానికి వచ్చింది. ఎవరు ఎటునుంచి కోసుకున్నారో ఎవరూ చూడలేదు.

సాయంత్రం దిగి వస్తుంటే రాయప్ప అడిగాడు. "మర్యాద తెలిసినవారు మీరు. అందరి ముందూ ముక్కు ఎందుకు కోశారు?"

ఆన్సెల్మ్ కర్ర ఊతంగా జాగ్రత్తగా దిగుతున్నాడు. ఆగలేదు.

"మీ అమ్మ గిన్నె గీక్కుంటుంటే, నీ నోట్లో జున్ను ఎలా ఉండేది?"

రాయప్ప దారి పక్కన గడ్డిపోచ ఒకటి తెంపి వేలికి చుట్టుకుంటూ నడిచాడు.

"దిగేది కాదు," అన్నాడు చివరికి. "బుగ్గన పెట్టుకుని కూచునేవాణ్ణి."

"ఊఁ," అన్నాడు ముసలాయన. "లియోనీకీ గొంతు ఉంది."

మలుపు తిరిగితే చర్చి గంటగోపురం కనబడింది. ఆన్సెల్మ్ ఊపిరి తీసుకోవడానికి నిలబడ్డాడు.

"మరి బిషప్ గారితో ఎప్పుడు చెప్పమంటావు?"

రాయప్ప వెనక్కి తిరిగి చూశాడు. కొండ మీద లియోనీ ఆవులు పాలు పితికే వేళకి కొట్టం చేరుతున్నాయి. మెడగంటలు వినబడుతున్నాయి.

"ఆ మాళిగ ఖాళీ అవనివ్వండి, పెద్ద ఫాదర్."