తెల్లగుడ్డ ఎవరు పట్టాలి

శార్వరి నామ సంవత్సరం, మార్గశిర బహుళ సప్తమి. తెల్లవారినా ఏటి మీద మంచు విడలేదు. కందిపూతకు అలాంటి మంచు చేటు, అది వేరే సంగతి.

ఆ సీమలో చాకలి తెల్లగుడ్డ పట్టి నడిస్తే రెండు సేనలూ కత్తులు దించాలి. ఇద్దరు రాజులూ ప్రమాణం చేసిన యుద్ధనీతి అది. ఇరుగట్ల బట్టలూ ఉతికేవాడికి శత్రువులెవరని కాబోలు.

ఇవతలి గట్టు సేనను నడిపే దళవాయి తిమ్మానాయుడు చాకలి కదిరప్పను పిలిచాడు. "సంధి అని చెప్పి అవతలి గట్టువాళ్లను ఏట్లోకి దింపరా. తర్వాత మావాళ్లు నరికేస్తారు."

కదిరప్ప లెక్క వేసుకున్నాడు. వెళితే నమ్మి వచ్చినవాళ్లు చస్తారు. కాదంటే తన తల పోతుంది.

"నీతి తప్పిన పాపం ఎవరిది దొరా?"

"గుడ్డ పట్టినవాడిది. నాకేం సంబంధం?" దళవాయి పకపకా నవ్వాడు.

కదిరప్ప చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదైతే ఉత్తరువూ నాదే కద దొరా! ఎవరూ కత్తి దుయ్యొద్దని నా ఉత్తరువు. కాదు, ఉత్తరువు తమరిదే అంటారా, ఇదిగో గుడ్డ. తమరే పట్టి ముందు నడవండి."

వెనకాల భటులు గొణుక్కున్నారు. "గుడ్డ పట్టినవాడిదే పాపమైతే, రేపు కత్తి పట్టిన మన గతేంటి?" ఒక్కొక్కరే ఒరల మీంచి చేతులు తీసేశారు.

దళవాయి ముఖం మాడింది. "పో! నిజంగానే సంధి మాట్లాడి తగలడు!"

గుడ్డ ఎత్తి పట్టుకుని కదిరప్ప మంచులోకి నడిచాడు. మధ్యాహ్నానికి సంధి కుదిరింది.

ఏళ్ల తర్వాత దళవాయి పోయాక అతని కోట పెద్దకొడుక్కీ, గుర్రాలు చిన్నవాడికీ వెళ్లాయి. కదిరప్ప పోయాక అతని కూతురికి బట్టలుతికే ఏటి రేవు దక్కింది. ఆ పొద్దున గుట్ట మీద కాచుకున్న రాబందులకు మాత్రం ఏమీ దక్కలేదు.