కొలిమిని చెడగొట్టే మేస్త్రి

ఒక రాజుకు ఇనుము కరిగించే పెద్ద కొలిమి ఉండేది. గంట మోగేదాకా తిత్తులు ఆపకూడదని అక్కడి నియమం. ఒకనాడు కొలిమి గోడ నెర్రె విచ్చింది. కొలిమి కాసేవాడు చూశాడు. గంట మోగలేదు గనక ఊదిస్తూనే ఉన్నాడు. కొలిమి పేలి అతను పోయాడు.

కొత్తది కట్టడానికి రాజు ఒక మేస్త్రిని పిలిపించాడు. చనిపోయినవాడి భార్యే దాన్ని కాయడానికి ముందుకొచ్చింది. ఆమె చేతికింద నలభైమంది.

మేస్త్రి నెల రోజులు ఇటుక ముట్టలేదు. పక్కనున్న చిన్న కొలిమి దగ్గర ఆమె పనిచేస్తుంటే ఎటు చూస్తుందో, దేనికి చెవి ఒగ్గుతుందో గమనించాడు. తర్వాత కొత్త కొలిమి కడుతూ ఆమె కంటి ఎత్తులో మంట కనబడే కిటికీ పెట్టాడు. తిత్తులన్నీ ఒక్కసారే ఆగే తాడు ఆమె చేతికందేలా కట్టాడు. దాన్ని లాగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని రాజు చేతే చెప్పించాడు.

అంతటితో ఊరుకోలేదు. నెలకోసారి, చెప్పకుండా, తన కొలిమిని తనే చెడగొట్టేవాడు. ఒకసారి బొగ్గు తడిపాడు. ఒకసారి గాలిగొట్టంలో గుడ్డ కుక్కాడు. వాళ్లు వెతికి సరిచేసేదాకా నోరు విప్పేవాడు కాదు.

"కట్టిన చేత్తోనే చెడగొట్టేవాణ్ణి నిన్నే చూశానయ్యా!" అన్నాడు మంత్రి.

"ఈసారి ఉతికిన గుడ్డ కుక్కు మేస్త్రీ, కంపు భరించలేకపోయాం" అంది ఆమె.

మూడో ఏడు వానలకు ఏరు పొంగింది. ఆ రోజు ఇనుము కరిగింది. దాన్ని నేలమీది కాలువలోకి వదలమని గంట మోగింది. ఆమె కిటికీలోంచి చూసింది. మంట బాగానే ఉంది. అరికాళ్లకు మాత్రం చల్లగా తగిలింది. నేలలోంచి నీరు ఊరుతోంది. కరిగిన ఇనుము ఆ తడిమీద పడితే ఒక్కరూ మిగలరు.

ఇలాంటి చిక్కు మేస్త్రి ఎన్నడూ పెట్టలేదు.

ఆమె తాడు లాగింది. "కాలువ తూటు తెరవకండ్రా! అందరూ బయటికి!"

ఇనుము కొలిమిలోనే గడ్డకట్టింది. కొలిమి ఇక పనికిరాదు. నలభైమందీ వానలో నిలబడి ఒకరి మొహం ఒకరు తడుముకున్నారు.

మర్నాడు రాజు శిల్పిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆమె చేసినదంతా రాతిమీద చెక్కు. ఇక ఇదే నియమం."

"ఈసారి కింద నుంచి నీరొచ్చింది, మహారాజా. వచ్చేసారి ఏది ఎటునుంచి వస్తుందో నాకు తెలీదు" అంది ఆమె.

రాజు మేస్త్రి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలీదు ప్రభూ."

రాజు రాతిని నున్నగా చేయించి, ఏమీ చెక్కించకుండా, కొత్త కొలిమి గుమ్మం పక్కన నిలబెట్టించాడు.

పనిలో చేరేవాళ్లను ఇప్పటికీ ముందు దాన్నే చదవమంటారు.