దళవాయి గారు గుర్రం దిగిన తీరు

"దీనికింకా జీను అలవాటు కాలేదు దొరా!" అని లాయం కాపరి ఓబులేసు మొత్తుకున్నా వినకుండా, రాజుగారి సేనలకు పెద్దయిన దళవాయి ఆ పిల్లగుర్రం ఎక్కి, డొక్కలో మడమతో పొడిచాడు. అది వెనక్కాళ్లు ఎగరేసి ఆయన్ని పేడకుప్పలో పడేసింది.

"దీని తల తీయించు!" అని రంకె వేశాడు దళవాయి.

పుట్టిన నాటి నుంచీ సాకిన గుర్రమాయె. ఓబులేసు ప్రాణం విలవిల్లాడింది. అయినా చేతులు కట్టుకుని, "చిత్తం. శిక్షకు ముందు నేరమేమిటో ఊరూరా దండోరా వేయడం మన రివాజు కదా! దళవాయి గారిని గుర్రప్పిల్ల పేడలో పడేసిందని చాటించమంటారా?" అన్నాడు.

దళవాయి చుట్టూ చూశాడు. లాయంలో ఇంకెవరూ లేరు.

"ఎవడ్రా పడింది? నేనే దిగాను!"

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. గుర్రం మెడ నిమురుతూ అన్నాడు: "నేనూ చూశాను దొరా. కాకపోతే కాస్త తొందరపడి దిగారు."