కూకుని చేసే పని

“స్కానులో కారణం కళ్ళెదుట కనిపిస్తున్నప్పుడు, ఇంకా రోగిని కూర్చోబెట్టి ఆరాలు తియ్యడం దేనికండీ?” అని డాక్టర్ కృపావరం ఒకరోజు తన గురువుగారిని అడిగాడు.

గురువుగారంటే పేర్రాజు గారు. నరాల జబ్బుల విషయంలో ఆ చుట్టుపక్కల ఆయన మాటకి తిరుగులేదు. పెద్దాసుపత్రిలో రిటైరై, రాజమండ్రిలో చిన్న క్లినిక్కు పెట్టుకుని, కుర్ర డాక్టర్లకి పని నేర్పుతూ ఉండేవారు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. కళ్ళజోడు తుడుచుకుని “చూద్దాంలే” అనేవారు. ఆ చూడడం ఒక్కోసారి వారానికి తేలేది, ఒక్కోసారి ఆర్నెల్లకి. కృపావరం తెలివైనవాడు. తెలివితోపాటు వచ్చే తొందర కూడా అతనికి దండిగానే ఉంది. ఆ ‘చూద్దాంలే’ విన్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కేది.

ఈసారి మాత్రం జవాబు మర్నాడే నడిచి వచ్చింది, అదీ కుంటుకుంటూ.

ఆమె పేరు వీరవేణి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కడియం వైపు ఒక నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. పది రోజుల కిందట ఉన్నట్టుండి కుడికాలు పడిపోయింది. పడిపోయిందంటే కాలంతా కాదు, పాదం ముందుభాగం పైకి లేవదు. అడుగు వేస్తే వేళ్ళు నేలని రాసుకుంటాయి. చెప్పు ఎక్కడో జారిపోతుంది, నాలుగడుగులు పోయాక గాని ఆ సంగతి తెలియదు. ఆమెని మొదట చూసింది కృపావరమే. నడుముకి స్కాన్ తీయించాడు. కింది డిస్కు ఒకటి కాస్త ఉబ్బి కనిపించింది. అదే నరాన్ని నొక్కుతోందని తేల్చి, వెన్నుపూస సర్జన్‌కి ఉత్తరం రాసి పంపాడు. సర్జన్ గురువారానికి ఆపరేషన్ పెట్టి, ముందుగా పేర్రాజు గారి చేత ఒకసారి చూపించుకు రమ్మన్నాడు. ఆ వచ్చిన రోజు మంగళవారం. భర్త స్కాన్ కవరుని పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

కృపావరం ముందు అడిగినదానికి తప్ప నోరు మెదపని మనిషి, పెద్దాయన్ని చూడగానే అడిగేసింది.

“నడుం కోసేత్తే మళ్ళీ వంగగల్నా అండీ? మా పనంతా నేలమీదేనండి.”

వారం కిందటే అరగంట కూర్చుని అన్నీ వివరించిన కృపావరానికి ఆ మాట కాస్త గుచ్చుకుంది. తనని ఎందుకు అడగలేదో అతనికి అర్థం కాలేదు. పేర్రాజు గారు ఆమెకి జవాబు చెప్పకుండా కేసు కాగితం తీసి చదివారు. ‘బరువులు మోయదు. దెబ్బ తగల్లేదు. నడుము నొప్పి లేదు. కూర్చుని చేసే పని.’ ఈ చివరిది ఎవరు చెప్పారని అడిగారు. ఆవిడే చెప్పిందన్నాడు కృపావరం. అది నిజమే. “కూకుని చేసే పనేనండి, కట్టమేం కాదండి” అన్న ఆమె మాటని అలాగే నమ్మి రాసుకున్నాడు.

పెద్దాయన ఆమె వైపు తిరిగి, తోటలో ఎలా కూర్చుంటుందో ఒక్కసారి చూపించమన్నారు. వీరవేణి ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకి దోపి, గోడవార నేలమీద గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తొడలు పిక్కలమీద అణిగాయి. ఎడంచేత్తో మొక్కని వంచి పట్టుకోవాలి కాబట్టి ఒంటి బరువంతా కుడికాలి మీదే వాలింది. ఆయన వెంటనే చాలని లేపి, తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆమె వద్దంటే వద్దంది గాని ఆయన వినలేదు.

తరవాత శిష్యుడి వైపు చూసి, ఇప్పుడు నువ్వలా కూర్చోవోయ్ అన్నారు.

కృపావరం కూర్చున్నాడు. బూట్ల మడమలు నేలకి ఆనలేదు. రోగి కుర్చీలోనూ డాక్టరు నేలమీదా ఉండేసరికి ఆమె మొగుడు ఎటు చూడాలో తెలియక కవరు వంక చూసుకున్నాడు. పేర్రాజు గారు మాత్రం తీరిగ్గా మామిడి అంట్ల సంగతి ఎత్తుకున్నారు. ఏ కొమ్మ తీస్తారు, పట్టీ ఎలా చుడతారు, రోజుకి ఎన్ని కడతారు. ఆమెకి బెరుకు పోయింది. ఆషాఢంలో టైఫాయిడ్ వచ్చి సగమైపోయిందట. లేచి పనిలోకి వెళ్ళేసరికి పై రాష్ట్రం నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందట. పద్దెనిమిది రోజులు పొద్దున్న కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్ళీ పొద్దుగూకాక లేవడం.

“తిమ్మిరెక్కితే కాలు సరుసుకుని మళ్ళీ కూకుంటామండి. అందరికీ అంతేనండి, అదీ ఒక రోగమేనా?”

ఇందులో ఒక్క ముక్క కూడా కృపావరం ఇదివరకు వినలేదు. అతను అడిగినవన్నీ లేవు, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే. ఇప్పుడు నేలమీంచి వింటున్నాడు. పావుగంట గడిచేసరికి అతని పిక్క బయటివైపు నుంచి బొటనవేలి దాకా చీమలు పాకడం మొదలైంది. ఇక లేవొచ్చా సార్ అని అడిగాడు.

“గురువారం దాకా టైముందిగా” అన్నారు పేర్రాజు గారు.

లేవబోతే పాదం తనది కాదు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గుతో అతని ముఖం కందిపోయింది.

అప్పుడు పెద్దాయన ఆమె కుడి మోకాలి కింద, బయటివైపు బొడిపెలా తగిలే ఎముక దగ్గర బొటనవేలితో మెల్లగా తట్టారు. పాదం దాకా కరెంటు కొట్టినట్టయిందని ఆమె కాలు లాక్కుంది. కుష్ఠు కాదు కదా అని, చర్మం మీద స్పర్శ లేని మచ్చలున్నాయేమో, నరం లావెక్కిందేమో చూశారు. అవేమీ లేవు. పాదం పట్టుకు చూడమని శిష్యుడికి అప్పగించారు. పైకి లేవదు, బయటికి తిరగదు, లోపలికి మాత్రం గట్టిగా తిరుగుతోంది. నరం నడుము దగ్గర నొక్కుకుపోతే ఆ లోపలి బలం కూడా తగ్గాలి. ఈ సంగతి కృపావరానికి తెలియనిది కాదు, పరీక్షలో ఇదే రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. స్కాన్ చేతికొచ్చాక పాదం పట్టుకోవాలని తోచలేదు, అంతే. తన ఉత్తరం పట్టుకుని ఈ మనిషి నడుము కోయించుకోబోయింది.

నరంలో కరెంటు ఎలా పోతోందో చూసే పరీక్ష ఆ మధ్యాహ్నమే చేయించారు. అడ్డు మోకాలి దగ్గరే ఉంది. జ్వరానికి కండ కరిగిన కాలిని రోజుల తరబడి మడిచి కూర్చునేసరికి, ఆ బొడిపె పక్కనుంచి పోయే నరం నలిగిపోయింది. సర్జన్‌కి ఫోన్ చేసి గురువారం ఆపరేషన్ ఆపించింది కృపావరమే, తప్పు తనదేనని చెప్పుకుని మరీ. గొంతుక్కూర్చోవడం పూర్తిగా మానాలని, కుండీలని బల్లమీద పెట్టుకుని స్టూలు మీద కూర్చుని కట్టమని, పాదం వాలిపోకుండా ఆపే పట్టీ వేసుకోమని ఆమెకి చెప్పారు. స్టూలెక్కి అంట్లు కడితే తోటివాళ్ళు నవ్వుతారంది. నవ్వనీయమ్మా అన్నారు పెద్దాయన.

ఏడు వారాలకి వీరవేణి వచ్చింది. చెప్పులతోనే వచ్చింది. కుర్చీలో కూర్చుని, కుడి బొటనవేలు అంగుళం పైకి లేపి చూపించింది. పూర్తిగా కుదురుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది గాని, ఆ వేలు లేవడం చూసి కృపావరానికి కళ్ళు చెమర్చాయి. ఆమె వెళ్ళాక స్కాన్ కాగితాన్ని మళ్ళీ వెలుగుకి పెట్టి చూశాడు. డిస్కు ఉబ్బు అక్కడే ఉంది.

“అయితే ఇది అబద్ధమంటారా సార్?”

పేర్రాజు గారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు.

“అబద్ధమెందుకవుతుందోయ్? ఆ బొమ్మ తీసేటప్పుడు ఆవిణ్ణి పడుకోబెట్టారు.”