ఆవిడ ఇంట్లో లేని కానుక

గుమ్మలూరులో ఉన్న తెలివంతా గవర్రాజు ఇంట్లోనే పోగుపడిందని చెప్పుకునేవారు. ఎవరు చెప్పుకునేవారనుకున్నారు? గవర్రాజు, వాళ్ళావిడ చిట్టెమ్మ, తమ్ముడు పోలయ్య. ఇంకెవరి నోటా ఆ మాట రాగా ఎవరూ వినలేదు. "ఎలా వస్తుంది? ఆ మాట అనడానికైనా కాస్త తెలివుండాలి కదా వాళ్ళకి!" అనేది చిట్టెమ్మ. మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తే రెండు చెవుల్లోనూ దూది కుక్కేది. నిద్దట్లో తెలివి కారిపోతే మళ్ళీ ఎవరు ఎత్తుతారు చెప్పండి?

ఇంత తెలివున్న ఇంటికి ఒకటే దిగులు. వాళ్ళని ఎవరూ భోజనానికి పిలవరు. ఒకప్పుడు పిలిచేవారే. ఓసారి ఓ పెళ్ళిలో, "లోపలికెళ్ళి వస్తాం, పందిరి కాస్త చూస్తూ ఉండండి" అన్నారు పెళ్ళివారు. ముగ్గురూ కుర్చీలేసుకుని చూశారు. మేకలొచ్చి తోరణాలు తిన్నాయి, చూశారు. తాళ్ళు కొరికాయి, చూశారు. గుంజ ఊగింది, పందిరి వెళ్ళి పెళ్ళికొడుకు మేనమామ మీద కూర్చుంది, అదీ చూశారు. "రెప్ప వాల్చితే ఒట్టు. ఏ మేక ముందొచ్చిందో కూడా చెబుతాం, అడగండి" అన్నాడు గవర్రాజు. అంతే! ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరింట పండగొచ్చినా వీళ్ళకి వచ్చేది పోపు వాసనే. గోడవతల బూరెలు వేగుతుంటే ఇవతల పోలయ్య ఉత్త అన్నం పట్టుకుని నిలబడి, వాసన నంజుకుని తినేవాడు.

అలాంటిది, పక్కింట్లోకి కొత్తగా దిగిన మాణిక్యమ్మగారు దీపావళి పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "చిట్టెమ్మా, సాయంత్రం మీ ముగ్గురూ మా ఇంట్లోనే భోంచెయ్యాలి" అంది. ఆవిడ కొత్త మనిషి, పందిరి సంగతి తెలీదు. చిట్టెమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ అటు వెళ్ళగానే మొగుణ్ణీ మరిదినీ కూర్చోబెట్టింది.

"వినండి. ఇవాళ మన వల్ల ఏ పొరపాటూ జరగకూడదు. ఆవిడ మెచ్చుకుందా, ప్రతి పండక్కీ పిలుస్తుంది. మొహం ముడిచిందా, ఇక జన్మంతా వాసనే."

"అమ్మో, వాసనతో కడుపు నిండదు వదినా" అన్నాడు పోలయ్య. "నేను చూశాగా."

భోజనానికి వెళ్ళేటప్పుడు ఏదైనా పట్టుకెళ్ళాలని వాళ్ళకి తెలుసు. ఏం పట్టుకెళ్ళాలో తెలీదు. ఇంకేముంది, వీధి చివర నూకాలత్త దగ్గరికి పరిగెత్తారు. ఊళ్ళో ఎవరికి ఏం పెట్టాలన్నా ఆవిణ్ణే అడుగుతారు. నూకాలత్త ప్రమిదలకి వత్తులు వేసుకుంటూ తలెత్తకుండానే చెప్పింది.

"ఖరీదుదేమీ వద్దురా. మనసు పెట్టి ఆలోచించాలి, అంతే. ఉన్నదే మళ్ళీ ఇస్తే ఏం బాగుంటుంది? ఆవిడ ఇంట్లో లేనిదేదో చూడండి. ఆవిడకి బాగా పనికొచ్చేదై ఉండాలి. శుభ్రంగా తుడిచి, రంగు కాగితం చుట్టి పట్టుకెళ్ళండి. వెళ్ళగానే ఇవ్వకండి. భోజనాలయ్యాక చేతికివ్వండి. అప్పటిదాకా అదేంటో నోరు జారారో, సరదా అంతా పోతుంది."

దారంతా ముగ్గురూ అదే వల్లించుకుంటూ వచ్చారు. లేనిది. పనికొచ్చేది. భోజనాలయ్యాక. నోరు జారకూడదు.

తిన్నగా మాణిక్యమ్మగారింటికే వెళ్ళారు.

"అమ్మగారూ, మీ ఇంట్లో ఏం లేదండీ?" అంది చిట్టెమ్మ.

ఆవిడ నవ్వింది. "దేవుడి దయవల్ల మాకు అన్నీ ఉన్నాయమ్మా."

"ఒక్కటైనా లేదా అండీ? సరిగ్గా వెతికారా?"

"లేకేం, అన్నీ ఉన్నాయంటున్నాగా!"

ముగ్గురూ ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డారు.

"పూలసజ్జ?" అన్నాడు గవర్రాజు.

"ఉంది. గోడకి తగిలించింది" అంది చిట్టెమ్మ.

"కాఫీ గ్లాసులు?"

"బోలెడు. మనకి వాటిలోనేగా మంచినీళ్ళిచ్చింది!"

"ఛ! ఇదేం మనిషే బాబూ, అన్నీ కొనేసుకుంటే వచ్చినవాళ్ళు ఏం తేవాలి?" అన్నాడు గవర్రాజు కోపంగా.

అప్పుడు పోలయ్య దిగ్గున లేచాడు. "అన్నా! లేనిది ఇవ్వాలంటే ముందు లేకుండా ఉండాలి కదా?"

"ఉండాలి."

"ఆవిడకి లేకుండా లేదు. మరి మనమే లేకుండా చేస్తే?"

చిట్టెమ్మ మరిది వైపు చూసి, పరిగెత్తుకెళ్ళి దూది తెచ్చి వాడి చెవుల్లోనూ పెట్టింది. ఇంత తెలివి గాలికి వదిలెయ్యకూడదుగా!

ఇక ఏది లేకుండా చెయ్యాలన్నది తేలాలి. చీపురంటే మర్యాదగా ఉండదు. గడియారమంటే వంట చేసుకునే మనిషికి ఏం పనికొస్తుంది? పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆవిడ దేని ఎదురుగా నిలబడుతుంది? గ్యాస్ పొయ్యి! మాణిక్యమ్మగారు పూలకని బజారుకెళ్ళింది. వాళ్ళాయన శేషాచలంగారు ముందుగదిలో గుర్రు పెడుతున్నారు. వీళ్ళు పెరటి వైపు నుంచి వచ్చారు. సిలిండర్ కట్టేశారు, ట్యూబు ఊడదీశారు, పొయ్యి ఎత్తుకున్నారు. ఇంటికి తెచ్చి చింతపండూ బూడిదా పెట్టి తళతళా తోమారు. ఎన్నేళ్ళ నాటి జిడ్డో, పెచ్చులు పెచ్చులుగా రాలింది. దానికి ఎర్ర కాగితం చుట్టి, పైన బంతిపువ్వు గుచ్చారు.

"కాగితానికి తప్ప పైసా ఖర్చు లేదు" అంది చిట్టెమ్మ మురిసిపోతూ. "మనసు పెట్టడమంటే ఇది."

దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ స్నానాలు చేసి, మూట మోసుకుంటూ వెళ్ళారు. మాణిక్యమ్మగారు వీధి అరుగు మీద తల పట్టుకుని కూర్చునుంది.

"చూశావా చిట్టెమ్మా, బజారు నుంచి వచ్చేసరికి మా పొయ్యి ఎవడో ఎత్తుకుపోయాడు!"

చిట్టెమ్మ మొహం మతాబాలా వెలిగింది. "అయితే పొయ్యి లేదన్నమాట!"

"లేదమ్మా!"

"బొత్తిగా లేదా అండీ?"

"చెబుతున్నాగా, లేదూ!"

"ఉంటే బాగా పనికొచ్చేదా?" అన్నాడు గవర్రాజు.

"పనికొచ్చేదా ఏమిటయ్యా! కాళ్ళూ చేతులూ విరిగినట్టుంది నాకు."

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. సంతోషం పట్టలేక పోలయ్య అరుగు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"మీరేం బెంగపడకండి" అంది చిట్టెమ్మ. "భోజనాలవ్వగానే అంతా మంచే జరుగుతుంది."

"పొయ్యి లేందే భోజనాలెలా అవుతాయే?"

"ముందు అవనివ్వండి. తరవాత మీరే చూస్తారు."

శేషాచలంగారు బయటికొచ్చారు. "ఆ మూటలో ఏమిటోయ్?"

పోలయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గవర్రాజు తమ్ముడి చేతుల మీద తన చేతులు కూడా వేశాడు. ఆయనకి అర్థం కాలేదు. నడుం నొప్పి మనిషేమో, ఉస్సూరంటూ ఆ మూట మీదే కూర్చుని ఆలోచించారు. "పోనీ, మీ ఇంట్లో పొయ్యి ఉందిగా గవర్రాజూ, అది పట్టుకురా. ఈ పూటకి గడుస్తుంది."

గవర్రాజు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అయ్యబాబోయ్! వద్దు బాబుగారూ! అప్పుడు మీ ఇంట్లో పొయ్యి ఉన్నట్టవుతుంది!"

"అందుకేగా తెమ్మంటున్నది?"

"ఉంటే ఎలా అండీ? లేకుండా ఉండాలి!"

"పండగపూట మాకు పొయ్యి ఉండకూడదా?"

"భోజనాలయ్యేదాకా ఉండకూడదండీ."

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ ఆయన వైపు చూసింది. ఇక వీళ్ళతో లాభం లేదని ఆయనే పెరట్లోకెళ్ళి, ఇటుకలు పేర్చి, కొబ్బరి మట్టలు విరిచి మంట రాజేశారు. మాణిక్యమ్మగారు ప్రాణం లేచొచ్చి ఎసరు పెట్టింది. నీళ్ళు అలా కాగుతున్నాయో లేదో, పోలయ్య తొంగి చూశాడు.

"వదినోయ్! కొంప మునిగింది! ఆయనగారు పొయ్యి చేసేశారు!"

ఇంకేముంది! చిట్టెమ్మ బిందె అందుకుంది, గవర్రాజు బకెట్టు అందుకున్నాడు. బుస్సుమని పొగ లేచింది. మంట ఆరింది, ఎసరు ఒలికింది, శేషాచలంగారి పంచె తడిసి కాళ్ళకి చుట్టుకుంది. పొగలోంచి దగ్గుతూ బయటికొచ్చిన మాణిక్యమ్మగారికి మొహమంతా మసి.

"మీకేమైనా పిచ్చా? నోటికాడ కూడు ఎందుకు తీశారు?"

"మీ మంచికేనండీ" అన్నాడు పోలయ్య. ఇంకేదో అనబోయి చటుక్కున నోరు మూసుకున్నాడు.

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. కానీ ఎంతైనా పిలిచిన మనిషి. మసి మొహం కొంగుతో తుడుచుకుని, అటుకులు తడిపి, పెరుగూ బెల్లమూ కలిపి, అరటిపళ్ళు పక్కన పెట్టి విస్తళ్ళు వేసింది. "పండగపూట ఇదే మన భోజనం. కూర్చోండి."

ముగ్గురూ కూర్చున్నారు. ఒక్క గుటకలో మింగేశారు. "మీరూ కానివ్వండి, ఊఁ, తొందరగా!" అంటూ గవర్రాజు శేషాచలంగారి విస్తట్లోది ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టాడు. ఆయన నమిలేలోపే చిట్టెమ్మ చెంబుతో చేతుల మీద నీళ్ళు పోసేసింది.

"అయ్యాయా? భోజనాలు అయ్యాయా అండీ?"

"అయ్యాయే తల్లీ!"

అంతే! ముగ్గురూ ఎగిరి గంతేసి, మూట తెచ్చి మాణిక్యమ్మగారి ఒళ్ళో పెట్టారు. ఆవిడ కాగితం విప్పింది. తళతళలాడుతూ పొయ్యి!

"ఇది... ఇది మా పొయ్యే!"

"అవునండీ, మీదే!" అంది చిట్టెమ్మ. "మీ ఇంట్లో అన్నీ ఉన్నాయన్నారు. లేనిదే ఇవ్వాలి కదా మరి! అందుకని ముందు లేకుండా చేసి, తరవాత తెచ్చాం. బజారులో కొన్నదైతే మీకు నచ్చుతుందో నచ్చదో. ఇదైతే మీరు కోరి కొనుక్కున్నదే!"

శేషాచలంగారు బుగ్గలో మిగిలిన అటుకుల ముద్ద మింగలేక, కక్కలేక, భుజాలు అదిరేలా నవ్వడం మొదలెట్టారు. మాణిక్యమ్మగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ కనుబొమలు దగ్గరికొచ్చాయి. నోరు తెరిచింది. ఇక దులిపేస్తుందనగా, పోలయ్య తల దించుకుని సన్నగా అడిగాడు.

"మమ్మల్ని మళ్ళీ పిలుస్తారా అండీ? పిలవకపోయినా ఏం అనుకోం. బూరెలు చేసిన రోజు మాత్రం ఆ కిటికీ తెరిచి ఉంచండి చాలు."

ఆవిడ అతన్ని చూసింది. ఒళ్ళో ఉన్న పొయ్యిని చూసింది. తను ఎన్నేళ్ళుగా గీకినా వదలని జిడ్డు ఎక్కడా లేదు. కోపం ఎటు పోయిందో పోయింది.

"పిచ్చి సన్నాసీ, పిలవడమెందుకయ్యా! ఇది మీ ఇల్లే అనుకోండి. ఇవాళ నుంచి ఇది మీ ఇల్లే!"

ముగ్గురూ ఆ మాట బుద్ధిగా విన్నారు. ఒకటికి రెండుసార్లు చెప్పిందిగా మరి.

మాణిక్యమ్మగారు పొయ్యి బిగించి, పులిహోర కలిపి, బూరెలు వేసింది. పోలయ్య మొదటిసారి వాసనతో పాటు బూరె కూడా తిన్నాడు. అందరూ తృప్తిగా తిన్నాక, మాణిక్యమ్మగారూ శేషాచలంగారూ ఆరిన ప్రమిదల్లో నూనె పోసొద్దామని వీధిలోకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వీధి తలుపు వేసుంది. తట్టారు.

తలుపు ఓరగా తెరుచుకుంది. లోపల గవర్రాజు శేషాచలంగారి పడకకుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పోలయ్య ఆయన లుంగీ కట్టుకుని పేపరు తిరగేస్తున్నాడు. నడుముకి తాళాల గుత్తి దోపుకుని చిట్టెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇద్దరి చేతులూ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏమండీ, పండగపూట మా ఇంటికొస్తూ ఉత్త చేతులతో వచ్చారేంటండీ?"

లోపల్నుంచి గవర్రాజు పెద్దమనిషి తరహాగా అన్నాడు: "పోనివ్వవే, ఈసారికి లోపలికి రానీ. వచ్చే పండక్కి వీళ్ళని పిలవాలా వద్దా అన్నది తరవాత ఆలోచిద్దాం."