లోపల వదిలిన గుడ్డ

కోటేశ్వరం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చేతికిస్తారు. తెనాలిలో పాలిటెక్నిక్ పిల్లలకి డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పూట పాత శిష్యులు ఆయన హాల్లో పరిచిన బొంత మీద చేరి, ఎవరి గోడు వాళ్ళు వెళ్ళబోసుకుంటారు.

ఆ ఆదివారం తారకేష్ ఒక్కడే వచ్చాడు. వాడు ఇంజనీరుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. ఆఫర్ లెటర్లో ఉన్న అంకెని పన్నెండుతో భాగించి, అదే నెల జీతమని ఆ రోజే ఇంట్లో చెప్పేశాడు. ఆ లెక్క నమ్ముకునే చెల్లెల్ని గుంటూరులో మంచి కాలేజీలో చేర్పిస్తానని మాటిచ్చాడు. తీరా చూస్తే పన్ను కింద కొంత పోయింది, పీఎఫ్ కింద కొంత పోయింది. కంపెనీ తన వంతుగా వేసే పీఎఫ్ కూడా ఆ పెద్ద అంకెలో కలిసే ఉందట. చేతికొచ్చింది వేరు. ఇంట్లో మాత్రం ఇంకా పాత లెక్కే నడుస్తోంది. ఇప్పుడు ఇంకో కంపెనీ అంతే జీతానికి పిలుస్తోంది. పీఎఫ్ గొడవే లేదు, చేతికే ఎక్కువొస్తుంది అంటున్నారు. రేపు పొద్దున్నకల్లా అవునో కాదో చెప్పాలి.

ఇదంతా చెప్పి అడిగాడు. "ఇన్ని కటింగులు పోతే ఇంక నాదంటూ ఏముంది మాస్టారూ?"

మాస్టారు వాడి మొహం వైపు చూళ్ళేదు, నడుం వైపు చూశారు. "ప్యాంటు హుక్కు పెట్టుకోలేదేంట్రా?"

తారకేష్ సిగ్గుపడి చొక్కా కిందకి లాక్కున్నాడు. క్యాంపస్ ఇంటర్వ్యూకని కుట్టించుకున్న ప్యాంటు అది. క్యాంటీన్ తిండికి పొట్ట పెరిగి హుక్కు అందడం మానేసింది, బెల్టుతో నెట్టుకొస్తున్నాడు. మాస్టారు ఒక లుంగీ ఇచ్చి, ప్యాంటు విప్పించి, బ్లేడు చేతిలో పెట్టి, వెనకాల నడుం కుట్టు ఊడదియ్యమన్నారు.

ఆ ప్యాంటు కుట్టింది సందు చివర మస్తాన్. తీసుకున్న రోజు తారకేష్ కొట్లో పెద్ద గొడవే చేశాడు. అంత గుడ్డ ఇస్తే ఇంతే ప్యాంటా, మిగతాదేం చేశావని నిలదీశాడు. మస్తాన్ ఏదో సర్దిచెప్పబోయాడు గానీ వీడు వినిపించుకోలేదు. మస్తాన్ గుడ్డ తినేస్తాడని క్లాసంతా చాటాడు కూడా.

కుట్టు ఊడింది. లోపల రెండు వైపులా వేలెడు గుడ్డ మడిచి ఉంది. పైనంతా వెలిసిపోయినా మడతలో నీలం మాత్రం కొత్తగా మెరుస్తోంది. "లోపల వదిలాను బాబూ." ఆ రోజు మస్తాన్ అన్న మాట తారకేష్‌కి ఇప్పటికి వినపడింది.

మాస్టారు హాల్లో మూలనున్న పాత కుట్టుమిషను ముందు కూర్చున్నారు. ఉన్నదంతా వదులు చేసెయ్యమన్నాడు తారకేష్. ఇంకా లావవుతావులే అని, ఆయన సగమే వదిలి మిగతాది మళ్ళీ లోపలికి మడిచారు.

తారకేష్ ఊరుకోలేదు. ఇదంటే దొరికింది గానీ, కత్తెర కింద పడ్డ ముక్కలు పోయినట్టేగా అన్నాడు.

"పోవడమేంటి, వాటి మీదే కూర్చున్నావు."

తారకేష్ వంగి చూశాడు. మస్తాన్ భార్య కొట్లో ముక్కలన్నీ ఏరి కుట్టిన బొంత అది. ఆ ఇంటికొచ్చిన ప్రతివాడూ దాని మీదే కూర్చుంటాడు. మోకాలి దగ్గర ఒక నీలం ముక్క కనిపించింది. అది తనదో ఇంకొకరిదో తేల్చుకోలేకపోయాడు.

ప్యాంటు తొడుక్కున్నాడు, హుక్కు పట్టింది. ముందు ఇంటికి ఫోన్ చేసి అసలు లెక్క చెప్తానన్నాడు. చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగి, మరి ఆ కంపెనీవాళ్ళకి రేపు ఏం చెప్పమంటారని అడిగాడు.

మాస్టారు సూదికి వేలాడుతున్న దారం తెంపి అన్నారు.

"చెప్పేముందు ఒకటి అడుగు. లోపల ఏమన్నా వదిలారా అని."